సీబీపీ కాగితంలో కాలేయం కబురు

మాస్టర్ హెల్త్ చెకప్ చేయించుకుని వచ్చిన నలుగుర్ని ఒకచోట కూర్చోబెడితే, ఒకరి దగ్గరైనా ‘ఫ్యాటీ లివర్ - గ్రేడ్ 1’ అన్న స్కానింగ్ కాగితం బయటపడుతుంది. అది చూసి ఆ పూటే నూనె మానేసేవాళ్లు కొందరు. ‘ఈ రోజుల్లో ఎవరికి లేదులెండి’ అని ఫైల్లో పెట్టి బీరువా మూసేసేవాళ్లు ఇంకొందరు. ఇద్దరూ చూడాల్సిన చోట చూడలేదు. కాలేయంలో కొవ్వు ఎంత చేరిందన్నది ఒక ప్రశ్న. దానివల్ల కాలేయం ఎంత పాడైందన్నది వేరే ప్రశ్న. ఈ రెండోదానికి తొలి జవాబు చాలామందికి అదే ఫైల్లో, సీబీపీ, ఎల్‌ఎఫ్‌టీ అనే మరో రెండు కాగితాల్లో ఉంటుంది. వాటిని కలిపి చదివేవాళ్లే తక్కువ.

గ్రేడు తగ్గితే మంచిదేనా?

స్కానింగ్‌లో రాసే 1, 2, 3 గ్రేడులు కొవ్వు మోతాదును చెబుతాయి. డాక్టర్లు పట్టించుకునేది ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా సాగే మరో వరుసను. కాలేయంలో పీచు కట్టిన మచ్చల లెక్క అది. వాళ్ల భాషలో ఫైబ్రోసిస్. ఎఫ్4 అంటే సిర్రోసిస్. రోగుల్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు 2015లో గట్టిగా చెప్పిన మాట ఒకటుంది: వీళ్ల ఆయుష్షును అన్నిటికంటే బాగా సూచించేది కొవ్వు కాదు, మచ్చలే. తొలి దశల మచ్చలు మామూలు అల్ట్రాసౌండ్‌కు కనబడవు.

ఇంకో వింత కూడా ఉంది. సిర్రోసిస్ బాగా ముదిరినవాళ్లలో కాలేయంలోని కొవ్వు దానంతట అదే మాయమవుతుంటుంది. స్కానింగ్‌లో గ్రేడు తగ్గినట్టే కనిపిస్తుంది, జబ్బు మాత్రం చివరి మెట్టు మీద ఉంటుంది. బరువు తగ్గి, నడక పెంచి గ్రేడు దింపుకున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లది నిజమైన మెరుగుదలే.

నాలుగు అంకెలు, ఒక భాగహారం

మచ్చల అంచనాకు ప్రపంచమంతటా ఇప్పుడు ముందుగా వాడుతున్న లెక్క పేరు ఫిబ్-4. దీనికి కావలసినవి నాలుగే: వయసు, ఎల్‌ఎఫ్‌టీలో ఉండే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే రెండు ఎంజైములు, సీబీపీలో ఉండే ప్లేట్‌లెట్లు. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. పదో తరగతి లెక్క.

ఉదాహరణకు 48 ఏళ్ల మనిషి. ఎస్‌జీఓటీ 44, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 2.2 లక్షలు. పైన 48 × 44 = 2112. కింద 64కు వర్గమూలం 8, దాన్ని 220తో గుణిస్తే 1760. భాగిస్తే 1.2. ఇది 1.3 కంటే తక్కువ కాబట్టి ముదిరిన మచ్చలు ఉండే అవకాశం చాలా తక్కువ. 2.67 దాటితే అనుమానించాలి. మధ్యలో ఉంటే ఇంకో పరీక్ష కావాలి.

ఈ లెక్కకు కొత్తగా సూది గుచ్చాల్సిన పని లేదు, అదనంగా రూపాయి ఖర్చు లేదు. అయినా మన ల్యాబుల రిపోర్టుల్లో ఇది ఎందుకు వేసి ఇవ్వరో నాకు అంతుబట్టదు. కొలెస్టరాల్ రిపోర్టులో నిష్పత్తులు మూడు నాలుగు అచ్చేసి ఇస్తారు కదా.

లక్షల దగ్గర చిక్కు

పైన 2.2 లక్షలు ఉన్నట్టుండి 220 ఎలా అయింది? ఫిబ్-4 సూత్రానికి ప్లేట్‌లెట్లు వేలల్లో కావాలి. మన రిపోర్టుల్లో మాత్రం తరచుగా లక్షల్లో వేస్తారు. ఫోన్లో ఏదో కాలిక్యులేటర్ తెరిచి రిపోర్టులో ఉన్నట్టే 2.2 అని కొట్టారనుకోండి, జవాబు 120 వస్తుంది! ఆ అంకె చూసి ఇంట్లో ఏడుపులు మొదలవకముందే లక్షల్ని వేలు చేసి మళ్లీ కొట్టండి.

ఎవరి కోసమో పుట్టి...

ఫిబ్-4ను ఫ్యాటీ లివర్ కోసం తయారుచేయలేదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్-సి రెండూ ఉన్నవాళ్ల కోసం పుట్టిన లెక్క ఇది. ఒక మందు ప్రయోగంలో చేరిన ఎనిమిది వందల పైచిలుకు రోగుల బయాప్సీలను (సూదితో తీసిన కాలేయపు ముక్కల పరీక్షలను), వాళ్ల మామూలు రక్తపరీక్షలను పక్కపక్కన పెట్టి, అమెరికా వైద్యుడు రిచర్డ్ స్టెర్లింగ్ బృందం దీన్ని 2006లో ప్రచురించింది. అప్పటి హద్దులు 1.45, 3.25. ఫ్యాటీ లివర్‌కు సరిపోయేలా 1.3, 2.67 అన్న హద్దులు 2009లో వచ్చాయి. దీనికంటే ముందు, 2003లో, మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అప్రి అనే లెక్క ఇంకా తేలిక. దానికి ఎస్‌జీఓటీ, ప్లేట్‌లెట్లు ఉంటే చాలు. ఖరీదైన పరీక్షలు దొరకని దేశాల్లో హెపటైటిస్ రోగులకు దీన్ని వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేసింది.

కాలేయం సంగతి ప్లేట్‌లెట్లకెందుకు?

ప్లేట్‌లెట్లు తగ్గాయంటే మనకు వెంటనే డెంగీ, ఆ వెనకే బొప్పాయి ఆకు గుర్తొస్తాయి. ఏళ్ల తరబడి మెల్లమెల్లగా దిగజారే ప్లేట్‌లెట్ల వెనక మరో కథ ఉండొచ్చు. పేగుల నుంచి, ప్లీహం నుంచి వచ్చే రక్తం కాలేయంలోంచి వెళ్లాలి. మచ్చలతో గట్టిపడిన కాలేయంలో ఆ దారి ఇరుకవుతుంది. వెనక పోటు పెరిగి ప్లీహం ఉబ్బుతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలోనే పట్టి ఉంచేస్తుంది. పైగా ప్లేట్‌లెట్లను తయారుచేయమని ఎముక మజ్జకు కబురు పంపే థ్రాంబోపోయెటిన్ అనే హార్మోన్ పుట్టేది ముఖ్యంగా కాలేయంలోనే. అంటే ఒకవైపు ఉత్పత్తి తగ్గుతుంది, ఇంకోవైపు ఉన్నవి బయటికి రావు. అందుకే మూడేళ్ల కిందట 2.6 లక్షలు, నిరుడు 2 లక్షలు, ఇప్పుడు 1.6 లక్షలు అన్న వరుస కనబడితే, మూడూ ‘నార్మల్’ గీత లోపలే ఉన్నా, శ్రద్ధగా చూసే డాక్టరు అక్కడ ఆగుతారు. పాత రిపోర్టులు పారేయొద్దనేది ఇందుకే.

డెంగీ వచ్చినప్పుడు ఈ లెక్క వేయకండి

డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎస్‌జీఓటీ పెరుగుతుంది. 30 ఏళ్ల కుర్రాడికి ఎస్‌జీఓటీ 180, ఎస్‌జీపీటీ 100, ప్లేట్‌లెట్లు 40 వేలు ఉన్నాయనుకుందాం. ఫిబ్-4 ప్రకారం 13.5. సూత్రం దృష్టిలో అతని కాలేయం రాయైపోయినట్టే! నిజానికి జ్వరం తగ్గాక కొన్ని వారాలకు అన్నీ సర్దుకుంటాయి. కామెర్లు, విషజ్వరాలు, కొత్తగా మొదలెట్టిన జిమ్ముతో కండరాలు పట్టేసిన వారం, ఇవన్నీ ఈ లెక్కకు పనికిరాని రోజులు. కండరాల్లో కూడా ఎస్‌జీఓటీ ఉంటుంది మరి.

అసలు ఎస్‌జీఓటీ గుండె పరీక్ష

1954లో న్యూయార్క్‌లో జాన్ లడ్యూ, ఫెలిక్స్ రాబ్లెవ్‌స్కీ, ఆర్థర్ కార్మెన్ అనే ముగ్గురు గుండెపోటు వచ్చినవాళ్ల రక్తంలో ఈ ఎంజైమ్ పెరుగుతుందని ‘సైన్స్’ పత్రికలో రాశారు. దెబ్బతిన్న గుండె కండరం దాన్ని రక్తంలోకి వదులుతుంది. చాలాకాలం గుండెపోటు నిర్ధారణకు అదే ఆధారం. కాలేయం దెబ్బతిన్నా ఇది పెరుగుతుందని ఆ వెంటనే తెలిసింది. తర్వాత గుండెకు ట్రోపోనిన్ లాంటి మెరుగైన పరీక్షలు వచ్చాయి. ఎస్‌జీఓటీ కాలేయం ఖాతాలో మిగిలిపోయింది.

ఎవరు పెద్ద, ఎవరు చిన్న?

మామూలు ఫ్యాటీ లివర్‌లో ఎస్‌జీపీటీ ఎక్కువగానూ ఎస్‌జీఓటీ తక్కువగానూ ఉంటాయి. మచ్చలు ముదిరేకొద్దీ ఎస్‌జీఓటీ దాన్ని దాటిపోతుంది. ఈ నిష్పత్తి మీద 1957లో రాసిన ఇటలీ వైద్యుడు ఫెర్నాండో డి రిటిస్ పేరే దానికి స్థిరపడింది. మద్యం వల్ల పాడైన కాలేయంలో ఎస్‌జీఓటీ తరచుగా రెండింతలు దాటుతుంది. దానికో కారణం విటమిన్ బి6 కొరత. మద్యపానం ఎక్కువైనవాళ్లలో ఈ విటమిన్ తగ్గుతుంది, అది లేకపోతే ఎస్‌జీపీటీ మరింతగా మందగిస్తుంది.

‘ఎస్‌జీపీటీ నార్మల్, ఇక భయం లేదు’

ఎక్కువమందిని మోసం చేసే వాక్యం ఇది. ఎస్‌జీపీటీ పూర్తిగా మామూలుగా ఉండి, లోపల మచ్చలు ముదిరినవాళ్లు ఉంటారు. చావడానికి కణాలే పెద్దగా మిగలనప్పుడు సిర్రోసిస్‌లో ఎస్‌జీపీటీ తగ్గుతుంది కూడా. ల్యాబు కాగితం మీద పైహద్దు 40 అనో ఇంకా ఎక్కువో ఉంటుంది. ఆరోగ్యవంతుల్ని ఏరి కొలిచిన ఇటలీ పరిశోధకులు 2002లో మగవాళ్లకు 30, ఆడవాళ్లకు 19 చాలన్నారు. అలా చూస్తే 34 వచ్చిన ఇల్లాలి రిపోర్టు ‘నార్మల్’ కాదు. అమెరికా మధుమేహ సంఘం 2023లో తన మార్గదర్శకాలు మార్చి, టైప్-2 షుగర్ ఉన్న పెద్దవాళ్లందరికీ, షుగర్ రాబోతున్నవాళ్లకూ, ఎంజైములు మామూలుగా ఉన్నా సరే ఫిబ్-4 వేయమంది. షుగర్‌కు మూడు నెలలకోసారి రక్తమిచ్చే ఇళ్లు మన దగ్గర ఎన్నో. డాక్టరు దగ్గర ఈ ఒక్క ముక్క అడిగితే పోయేదేమీ లేదు.

వయసు తెచ్చే తంటా

ముందటి ఉదాహరణలోని రక్తం రిపోర్టునే 28 ఏళ్లవాడికి ఇచ్చి చూడండి, 0.7 వస్తుంది. 68 ఏళ్లాయనకు ఇస్తే 1.7. రక్తంలో చుక్క తేడా లేదు, మారింది పుట్టిన తేదీ ఒక్కటే. అందుకే 65 దాటినవాళ్లకు కింది హద్దును 1.3 నుంచి 2కు పెంచారు. 35 లోపు వాళ్ల విషయంలో ఈ లెక్కను నమ్ముకోవద్దన్నారు.

ఈ రెండోది మనకు ఇబ్బందికరమైన సంగతి. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు చేసిన అధ్యయనం 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’లో వచ్చింది. పరీక్షించిన 345 మందిలో 84 శాతానికి కాలేయంలో కొవ్వు ఉంది. పత్రికలన్నీ ఆ అంకెను పతాక శీర్షికల్లో పెట్టాయి, పార్లమెంటులోనూ ప్రస్తావనకు వచ్చింది. ఆ 84 శాతానికీ కాలేయం పాడైపోయిందని కాదు. వాళ్లలో ఎవరికి మచ్చలు మొదలయ్యాయో వడకట్టడమే అసలు పని. ఆ వడపోతకు పనికొచ్చే చవకైన లెక్క సరిగ్గా కుర్రవయసు దగ్గరే తడబడుతోంది. అలాంటివాళ్లకు షుగరో, పెద్ద పొట్టో తోడుంటే నేరుగా కాలేయం గట్టితనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించడమే మేలని నాకనిపిస్తుంది.

అభయమివ్వడంలో దిట్ట, భయపెట్టడంలో కాదు

ఫిబ్-4 తక్కువగా వస్తే ఆ మాట దాదాపు నూటికి తొంభై పాళ్లు నమ్మొచ్చు. ఎక్కువగా వస్తే అంత నమ్మకం లేదు, అప్పుడు ఫైబ్రోస్కాన్ చేస్తారు. అదో ఫ్రెంచి యంత్రం, 2003 ప్రాంతంలో వచ్చింది. పక్కటెముకల మధ్య చిన్న తట్టు తట్టి, ఆ కదలిక కాలేయంలో ఎంత వేగంగా పాకిందో కొలుస్తుంది. గట్టి కాలేయంలో వేగం ఎక్కువ. ఫలితం 8 కిలోపాస్కల్స్ లోపుంటే ఊపిరి పీల్చుకోవచ్చు. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. టిఫిన్ చేసి వెళ్తే కాలేయానికి రక్తం ఎక్కువగా చేరి, ఉన్నదానికంటే గట్టిగా కనబడుతుంది.

బంగారంతో దొరికిన నక్షత్రాలు

మచ్చలు కట్టే కణాల కథ వేరే. 1876లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ కుప్ఫర్ కాలేయంలో నరాలు వెతుకుతూ గోల్డ్ క్లోరైడ్‌తో రంగు వేస్తే, నక్షత్రాల్లాంటి కణాలు నల్లగా తేలాయి. తర్వాత ఆయనే వాటిని వేరే కణాలతో కలిపేసి పొరబడ్డాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1971లో, జపాన్ శాస్త్రవేత్త కెంజిరో వాకే ఆ చిక్కుముడి విప్పాడు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ నక్షత్ర కణాలు విటమిన్-ఏ నిల్వ చేసుకుని కుదురుగా ఉంటాయి. ధ్రువపు ఎలుగుబంటి కాలేయం తిన్నవాళ్లకు విషమెక్కేది వీటిలో దాచిన విటమిన్-ఏ మోతాదు వల్లే. కాలేయం పదే పదే దెబ్బ తింటే ఇవి ఆ విటమిన్ వదిలేసి, రూపం మార్చుకుని, కొల్లాజెన్ పీచు అల్లడం మొదలెడతాయి. ఎఫ్1, ఎఫ్2 అంటూ మనం లెక్కపెట్టేది వీటి అల్లికనే.

ఆ అల్లికను రక్తంలో పట్టేవాళ్లున్నారు

ఇల్లు కడుతున్న చోట గోడ లోపలికి పోకుండానే, వీధిలో పడ్డ ఇసుక, ఇటుక ముక్కలు చూసి పని ఏ జోరు మీదుందో చెప్పొచ్చు. ఈఎల్‌ఎఫ్ అనే పరీక్ష పద్ధతి అదే. మూడు పదార్థాలు కొలుస్తుంది. కొల్లాజెన్ అల్లేటప్పుడు కత్తిరించి పడేసే తోక ఒకటి. ఉన్న కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైముల్ని అడ్డుకునే టింప్-1 రెండోది. మూడోది హయలురోనిక్ ఆమ్లం. ముఖానికి రాసే క్రీముల డబ్బాల మీద కనిపించేదే, మోకాళ్ల ఇంజెక్షన్లలో ఉండేదే. 1934లో దీన్ని తొలిసారి వేరుచేసింది ఆవు కంటి లోపలి జిగురులోంచి. రక్తంలో తిరిగే ఈ ఆమ్లాన్ని ఊడ్చేసే పని కాలేయంలోని రక్తనాళాల గోడలది. ఆ గోడలు చెడితే అది రక్తంలో పేరుకుంటుంది. 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈఎల్‌ఎఫ్‌కు అనుమతినిచ్చింది. 9.8 దాటితే జాగ్రత్తపడాలి, 11.3 దాటితే మరీ జాగ్రత్త. కీళ్లవాతం ఉన్నా, అప్పుడే భోంచేసినా హయలురోనిక్ ఆమ్లం పెరుగుతుందన్నది దీని బలహీనత.

కాలేయ కణం ప్రాణం విడిచేటప్పుడు తెగే కెరాటిన్-18 అనే మాంసకృత్తి ముక్కల మీద పరిశోధకులు ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. పరిశోధన పత్రాలకు పనికొచ్చిందిగానీ ఆసుపత్రి చీటీ మీదికి ఎక్కలేకపోయింది. జపాన్‌లో మాత్రం మరో దారి తొక్కారు. రక్తంలోని ఒక మాంసకృత్తికి అంటుకున్న చక్కెర గొలుసు, మచ్చలు పెరిగేకొద్దీ ఆకారం మార్చుకుంటుంది. ఆ మార్పును కొలిచే ఎం2బీపీజీఐ పరీక్ష అక్కడ మామూలు వైద్యంలో భాగమైపోయింది.

ఉపవాసముంటే కళ్లు పచ్చబడేవాళ్లు

ఫ్రాన్స్‌లో 2001లో వచ్చిన ఫైబ్రోటెస్ట్ ఐదు రక్త పదార్థాలను కలిపి లెక్కిస్తుంది. అందులో బిలిరుబిన్ ఒకటి. గిల్బర్ట్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు, ఏ జబ్బూ లేకుండానే, పుట్టుకతో వచ్చిన తీరు వల్ల బిలిరుబిన్ కాస్త ఎక్కువగా ఉంటుంది. ఏకాదశి ఉపవాసముంటే ఇంకాస్త పెరిగి కళ్లు పచ్చబడతాయి. వాళ్లకు ఈ పరీక్ష లేని మచ్చలు చూపించగలదు.

ఒక్క సెకను సూది

రక్తపరీక్షలన్నిటికీ న్యాయమూర్తి బయాప్సీ. 1958లో ఇటలీ వైద్యుడు జార్జియో మెంగినీ ‘ఒక్క సెకను బయాప్సీ’ అంటూ సన్న సూది పద్ధతి తెచ్చాక అది ప్రపంచమంతా వ్యాపించింది. ఆ సూదిలో వచ్చే ముక్క కాలేయంలో సుమారు యాభై వేలవ వంతు. 2005లో ఫ్రెంచి వైద్యులు ఒకే రోగి నుంచి ఒకేసారి రెండు ముక్కలు తీసి చూస్తే చాలామందిలో రెంటికీ పొత్తు కుదరలేదు. అలాంటి న్యాయమూర్తి ముందు నిలబడ్డ రక్తపరీక్షకు ఎంత నిజం చెప్పినా నూటికి నూరు మార్కులు రావడం కష్టమే. ఇప్పుడు ఆ న్యాయమూర్తికే పని తగ్గుతోంది. ఫ్యాటీ లివర్ జబ్బు కోసం 2024 మార్చిలో అమెరికా అనుమతి పొందిన రెస్మెటిరోమ్ అనే మందు వాడాలంటే బయాప్సీ తప్పనిసరి అన్న షరతు లేదు. అంతకు నాలుగేళ్ల ముందే, 2020లో, అహ్మదాబాద్ కంపెనీ జైడస్ తయారుచేసిన మరో మందు సారోగ్లిటజార్‌కు మన దేశం అనుమతినిచ్చింది.

పేరు మారింది, మందు దాగదు

1980లో మేయో క్లినిక్ వైద్యుడు యుర్గెన్ లుడ్విగ్ ఇరవై మంది రోగుల కాలేయాలు చూసి తికమకపడ్డాడు. అచ్చం తాగుబోతుల కాలేయాలే, వాళ్లేమో తాగేవాళ్లు కారు. ఫ్యాటీ లివర్ జబ్బు పేరులో ‘మద్యం వల్ల కానిది’ అన్న ముక్క అలా చేరింది. తాగనివాళ్లకు కూడా మద్యం పేరు తగిలించడమేమిటని 2023లో దాన్ని తీసేసి, జీవక్రియల లోపానికి ముడిపెట్టి మాస్ల్‌డీ అన్నారు. ఇంతకీ ‘నేను ముట్టనండీ’ అన్న మాటను పరీక్షించే రక్తపరీక్ష కూడా ఒకటుంది. పేరు పెథ్. మద్యం ఒంట్లోకి వస్తే తప్ప పుట్టని పదార్థం అది, ఎర్రరక్తకణాల పొరలకు అంటుకుని రెండు నుంచి నాలుగు వారాలు ఉండిపోతుంది. డాక్టరు ముందు, భార్య పక్కన కూర్చున్నప్పుడు ఇచ్చిన వాంగ్మూలానికీ దీనికీ తరచూ పడదట.